'ట్రాన్సిట్'ను గ్రహణం అనవచ్చా?

ప్రశ్న: వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద వ్యాసం రాస్తున్నాను. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్తే వెలుగు కాస్త తగ్గుతుంది కదా, ఇంగ్లీషులో 'ట్రాన్సిట్' అనే ఆ దాటడాన్ని 'గ్రహణం' అన్నాను. నక్షత్రం మొత్తం కప్పుకుపోనిదే గ్రహణం ఎలా అవుతుందని ఎడిటర్ గారి అభ్యంతరం. ఏమంటారు?

జవాబు: పాక్షిక గ్రహణం, కంకణ గ్రహణం మనకు ఎప్పటి నుంచో ఉన్నాయండీ, కాబట్టి ఆ అభ్యంతరం నిలవదు. చిక్కు వేరే ఉంది. ఒక్కో చుట్టులో వెలుగు రెండుసార్లు తగ్గుతుంది. గ్రహం అడ్డొచ్చినప్పుడు ఒకసారి, అదే గ్రహం నక్షత్రం వెనకాలకి పోయినప్పుడు ఇంకోసారి.

అడ్డొచ్చినప్పుడు తెలిసేది గ్రహం చుట్టూ ఉన్న గాలి సంగతి. హెచ్‌డీ 209458బి అనే గ్రహం మూడున్నర రోజులకోసారి తన నక్షత్రం వెలుగును ఒకటిన్నర శాతం తగ్గిస్తుంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో సోడియం పసుపు రంగులో చూస్తే ఆ తగ్గుదల ఇంకో 0.02 శాతం పెరిగింది. చుట్టూ ఉన్న వాయువు ఆ రంగును మింగేయడంతో గ్రహం ఆ రంగులో కాస్త లావుగా కనబడిందన్నమాట. సౌరకుటుంబం బయటి గ్రహానికి వాతావరణం ఉందని మొదటిసారి తేలింది అలాగే, 2001లో ప్రకటించారు.

వెనక్కి పోయినప్పుడు తగ్గేది గ్రహం సొంత వెలుగు, అంటే దాని వేడి. ట్రాపిస్ట్-1బి అనే గ్రహం పగటి వైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ ఉందని వెబ్ టెలిస్కోపు 2023లో ఇలాగే కొలిచింది. దట్టమైన గాలి ఉంటే వేడి రాత్రి వైపుకీ పాకి, పగటి వైపు అంతకంటే చల్లగా ఉండాలి.

ఇక పేరు. సూర్యగ్రహణమంటే సూర్యుడికి పట్టినది, అడ్డొచ్చిన చంద్రుడి పేరు అందులో లేదు. ఆ లెక్కన మొదటిది నక్షత్ర గ్రహణం. రెండోది గ్రహ గ్రహణం అనాలి గానీ నాలుక తిరగదు, 'మరుగు' అంటే సరిపోతుంది.

ఇంకొకరు: బాగుంది. గ్రాఫులో వెలుగు దిగే వాలుకీ, మళ్ళీ ఎక్కే వాలుకీ కొత్త మాటలు కట్టకండి. పట్టు, విడుపు ఉన్నాయిగా! పంచాంగంలో స్పర్శ, మోక్షం అంటారు, ఇంట్లో పట్టు స్నానం, విడుపు స్నానం అంటాం. 1874లో శుక్రుడు సూర్యబింబం దాటుతుంటే విశాఖపట్నం నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు చూశారు. అప్పట్లో ఖగోళవేత్తలందరి గురీ ఈ పట్టు విడుపుల వేళల మీదే.

ప్రశ్న అడిగినవారు: మరి గ్రహం చుట్టు తిరిగినంతసేపూ వెలుగు మెల్లగా పెరిగి తగ్గుతుందే, దానికి?

మొదటి జవాబిచ్చినవారు: చంద్రుడికి ఉన్న మాటే, కళలు. వాస్ప్-43బి అనే గ్రహానికి పంతొమ్మిదిన్నర గంటల్లో అన్ని కళలూ పూర్తవుతాయి. పగటి వైపు 1,250 డిగ్రీలు, రాత్రి వైపు 600 అని తెలిసింది ఆ గ్రాఫు నుంచే. ఆ గ్రాఫును 'కాంతి వక్రరేఖ' అంటే మాత్రం పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది, నేనైతే వెలుగు గ్రాఫ్ అనే రాస్తాను.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, పట్టు విడుపులతోనే పంపిస్తాను. మూడున్నర రోజులకోసారి తలస్నానమా అని ఎడిటర్ గారు అడిగితే మాత్రం మీ పేరే చెప్తా.