రెండో బ్రాంచికి చేరేసరికి పిజ్జా పిండి పులిసిపోతోంది, ఏం చేయాలి?

తిరుపతి కిచెన్‌లో పిండి కలిపి రేణిగుంట, చంద్రగిరి బ్రాంచీలకు ఆటోలో పంపుతున్నాం. కిలో మైదాకు 600 మి.లీ. నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల డ్రై ఈస్టు. 250 గ్రాముల ఉండలు చేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచుతాం. అప్పటిదాకా బాగానే ఉంటాయి. ఈ ఎండల్లో ట్రే మూత తీసేసరికి ఒకదానికొకటి అంటుకుపోయి, సాగదీస్తే మధ్యలో చిరుగుతున్నాయి. ఐసు నీళ్లతో కలిపి చూశాం. ఈస్టు 2 గ్రాములకు తగ్గిస్తే అంచు పొంగట్లేదు. మూడుచోట్లా ఒకే బోర్డు, రుచి మాత్రం మూడు రకాలంటే పేరు నిలబడదు కదండీ! థర్మోకోల్ పెట్టెలో ఐస్‌ప్యాకులు పెడితే చాలా, ఫ్రిజ్ ఉన్న బండి తప్పదా?

ఇంకొకటి: ట్రేడ్‌మార్కు హోటళ్ల సేవలకిచ్చే 43వ క్లాసులో వేశాం. ఫ్రోజెన్ పిజ్జా కూడా అమ్మాలంటే, పిజ్జా లాంటి తినే సరుకులకిచ్చే 30వ క్లాసులో కూడా ఇప్పుడే వేసుకోవాలా, ఆగొచ్చా?