పిల్లికూనకు పుట్టుకతోనే గుండె లోపం ఉండవచ్చన్నారు. ఎలా సాకాలి?

అడిగినవారు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఇరవై రోజుల క్రితం, వాన వెలిసిన ఒక సాయంత్రం, మా వీధి చివర కాలువ పక్కన ఒంటరిగా అరుస్తున్న నల్లని పిల్లికూనను ఇంటికి తెచ్చుకున్నాను. తల్లి వస్తుందేమోనని ఆ రోజూ మర్నాడూ అక్కడే కాపు కాశాను గాని రాలేదు. కిరాణా దుకాణంలో తూకం వేయిస్తే 480 గ్రాములు ఉంది. కాటుక అని పేరు పెట్టాను. నిన్న నట్టల మందు వేయించడానికి తీసుకెళితే డాక్టరు గారు చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విని, గుండె చప్పుడుతో పాటు బుస్సుమని మరో శబ్దం వినిపిస్తోందనీ, దానిని మర్మర్ అంటారనీ, ఆరు అంచెల లెక్కలో ఇది నాలుగో అంచె అనీ, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చనీ చెప్పారు. ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తే గాని అది ఏ లోపమో తేలదన్నారు.

కాటుక ఇప్పుడు 640 గ్రాములు ఉంది. పాలన్నం, కొద్దిగా చేప పెడుతున్నాను. బాగానే ఆడుతుంది గాని, ఆట ఆపిన తరువాత కాసేపు నేలకు ఆనుకుని కూర్చుంటుంది, డొక్కలు ఎగరేస్తుంది. ఎలాగూ బతకదు, తెచ్చిన చోటే వదిలెయ్యమని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. నేను వదలను. అయితే దీనిని ఆడనివ్వవచ్చా, టీకాలు వేయించవచ్చా, ఎకో కోసం విశాఖపట్నం దాకా ఇంత చిన్న ప్రాణాన్ని తీసుకెళ్ళడం మంచిదేనా అన్నది తెలిసినవారు చెప్పాలని వేడుకుంటున్నాను.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు (బొబ్బిలి)

అమ్మా, ముందుగా ఒక మాట చెబుతాను. మర్మర్ అనేది రోగం పేరు కాదు, వినిపించిన శబ్దం పేరు మాత్రమే. ఆ శబ్దం ఎంత పెద్దగా ఉంటే జబ్బు అంత పెద్దదనే లెక్క కూడా లేదు. గుండె కింది గదులైన రెండు జఠరికల మధ్య గోడలో రంధ్రం ఉండటం పిల్లుల్లో తరచుగా కనిపించే పుట్టు లోపాల్లో ఒకటి. ఆ రంధ్రం చిన్నదైతే నెత్తురు సన్నని సందులోంచి వేగంగా దూకుతుంది కనుక శబ్దం పెద్దగా వస్తుంది. రంధ్రం బాగా పెద్దదైతే శబ్దం మెత్తబడుతుంది, ప్రమాదం మాత్రం ఎక్కువ అవుతుంది. చిన్న రంధ్రంతో ఏ మందూ లేకుండా నిండు జీవితం గడిపిన పిల్లులను నేను చూశాను. కవాటాలు సరిగా ఏర్పడకపోవడం, తల్లి కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండి పుట్టిన తరువాత మూసుకోవలసిన నాళం మూసుకోకపోవడం వంటివి కూడా ఉంటాయి. వీటిలో ఆ నాళాన్ని ఆపరేషను చేసి కట్టివేయవచ్చు. కనుక ఏ లోపమో తెలుసుకోవడం వృథా ఖర్చు కాదు.

లోపం ఏదీ లేకుండానే మర్మర్ వినిపించే కూనలు కూడా ఉన్నాయి. అలాంటి శబ్దం సాధారణంగా నాలుగైదు నెలల వయసు వచ్చేసరికి మాయమవుతుంది. వీధిలో దొరికిన కూనల్లో మరో కారణం రక్తహీనత. బొచ్చులో ఎగిరి దూకే చిన్న నల్ల పురుగులు, పేగుల్లోని కొంకిపురుగులు నెత్తురు పీల్చివేస్తే, పలుచబడిన నెత్తురు గుండెలో సుడి తిరిగి శబ్దం చేస్తుంది. కాటుక పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోయి ఉంటే ముందు రక్త పరీక్ష చేయించండి. నీలంగా ఉంటే ఆలస్యం చేయకండి. పురుగులు ఉంటే పేలదువ్వెనతో దువ్వి సబ్బు నీటిలో పడవేయండి. కుక్కలకు వేసే పురుగుల మందు మాత్రం వేయవద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. పారాసిటమాల్ కూడా అంతే. జ్వరమనిపించినా చుక్క కూడా పోయకండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది పాలన్నం. ఈ వయసు కూన వారానికి సుమారు నూరు గ్రాములు పెరగాలి. ఇరవై రోజుల్లో 160 గ్రాములే పెరిగిందంటే గుండె కారణం కావచ్చు, నట్టలు కావచ్చు, ఆహారం చాలకపోవడం కావచ్చు. మన చేతిలో వెంటనే సరిదిద్దగలిగినది ఆహారమే. పిల్లి శరీరం టారిన్ అనే పదార్థాన్ని చాలినంత తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది, అన్నంలో ఉండదు. టారిన్ చాలకపోతే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనే రుజువైంది. గుండె ఇప్పటికే అనుమానంలో ఉన్న కూనకు ఆ రెండో దెబ్బ తగలకూడదు. పిల్లికూనల కోసం తయారు చేసిన ఆహారాన్ని గోరువెచ్చని నీటిలో నానబెట్టి రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసం దానికి తోడుగా పెట్టవచ్చు. టారిన్ ఉడికిన నీటిలోకి దిగిపోతుంది కనుక ఆ నీటిని పారబోయకుండా కలిపి పెట్టండి. ఉత్త మాంసం మీదే పెంచితే ఎముకలకు సున్నం చాలదు. మన వైపు ఎండుచేప ప్రతి ఇంట్లో ఉంటుంది, పిల్లులు దాని కోసం ప్రాణం పెడతాయి. కాని ఆ ఉప్పు ఈ కూనకు పనికిరాదు.

ఇక ఆట సంగతి. దానంతట అది ఆడుకుని దానంతట అది ఆగితే ఆపవద్దు. తాడు ఊపి గెంతించడం, పిల్లలు వెంటపడి తరమడం మాత్రం వద్దు. ప్రతి రాత్రీ అది గాఢంగా నిద్రపోయినప్పుడు ఛాతీ లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ ముప్పై సెకన్లు చూసి, వచ్చిన సంఖ్యను రెట్టింపు చేసి, తేదీ వేసి ఒక పుస్తకంలో రాయండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. వరుసగా రెండు మూడు రోజులు 30 దాటితే డాక్టరుకు చెప్పండి. 40 దాటినా, నోరు తెరిచి ఊపిరి తీసినా తెల్లవారే దాకా ఆగవద్దు. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే గాని, పిల్లి అలా చేయడం ఆపద.

టీకాలు తప్పక వేయించండి. ఎనిమిది వారాలు నిండాక మొదటిది, మూడు నాలుగు వారాలకు మరొకటి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేస్తారు. అంతవరకు అది మిమ్మల్ని గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి మీరూ టీకా వేయించుకోవాలి.

జవాబు: కోట కూడలి (విజయనగరం)

నేను వైద్యుణ్ణి కాను. గుండె కవాటం సరిగా ఏర్పడని పిల్లిని పద్నాలుగు నెలలు సాకాను, అంతే. ఆ పద్నాలుగు నెలల్లో నేను చేసిన రెండు పొరపాట్లు మీరు చేయకూడదని రాస్తున్నాను.

మొదటిది, మే నెలలో ఆడుకున్న తరువాత అది నోరు తెరిచి రొప్పితే ఎండకు అలా చేస్తోందనుకుని ఫ్యాను కింద పడుకోబెట్టాను. నాలుగు రోజులు అలాగే గడిపేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిపోయింది. రెండోది ఇంకా పెద్దది. కోలుకుని ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు మళ్ళీ ఆయాసం మొదలైతే, రాత్రి వేళ ఎవరూ దొరక్క, ఒంట్లో నీరు తీసే మనుషుల మాత్రను మందుల దుకాణంలో అడిగి కొని, 40 మిల్లీగ్రాముల బిళ్ళను సగం చేసి మింగించాను. పిల్లికి చాలేది కిలో బరువుకు ఒకటి రెండు మిల్లీగ్రాములేనని నాకు అప్పుడు తెలియదు. ఒంట్లో నీరంతా పోయి మర్నాటికి లేవలేని స్థితికి వచ్చింది. ఆ గండం నుంచి డాక్టరు గట్టెక్కించారు గాని, ఆ రాత్రిని నేను మరిచిపోలేను.

చివరికి దాని ప్రాణం తీసినది నెత్తురు గడ్డ. గుండె ఎడమ పై గది పెద్దదైన పిల్లుల్లో నెత్తురు నిలిచి గడ్డకట్టి, అది కొట్టుకుపోయి వెనుక కాళ్ళకు వెళ్ళే ధమనిలో అడ్డుపడుతుందట. కాళ్ళు రెండూ చల్లబడిపోయి, అది పెట్టిన అరుపు వినలేకపోయాను. గది పెద్దదైందని ఎకోలో తేలితే గడ్డకట్టకుండా ముందే మందు ఇస్తారు. నేను ఎకోను వచ్చే నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేశాను. మీరు వాయిదా వేయకండి.

జవాబు: నాగావళి గట్టు

డాక్టరు గారికి, విజయనగరం వారికి కృతజ్ఞతలు. మీ పిల్లి గురించి చదివి చాలా బాధపడ్డాను. చిగుళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి. దువ్వెనలో ఏడు పురుగులు వచ్చాయి. పాలన్నం ఆ రోజే మానేశాను. నిన్న రాత్రి లెక్క 28. అయితే నేను దగ్గర కూర్చోగానే గుర్రుగుర్రుమంటుంది, అప్పుడు లెక్క కుదరడం లేదు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు (బొబ్బిలి)

గుర్రుమనేటప్పుడు, కలలో కాళ్ళు కదిలించేటప్పుడు లెక్కపెట్టకండి. దూరంగా కూర్చుని, అది మిమ్మల్ని మరిచి నిద్రపోయాక చూడండి. గుర్రు మాకూ ఇబ్బందే. గుండె వినబడక పక్కనే కుళాయి తిప్పి నీటి చప్పుడుతో దానిని ఆపేవాళ్ళం.

జవాబు: తెల్లవారు బస్సు (రాజాం)

ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ముందు గరివిడి పశువైద్య కళాశాలకు ఫోను చేసి, పిల్లికి గుండె స్కానింగు చేస్తారేమో కనుక్కోండి; మీకు విశాఖపట్నం కంటే అది దగ్గర. విశాఖపట్నమే వెళ్ళవలసి వస్తే, అక్కడ పిల్లులకు ఎకో తీసిన అనుభవం ఉన్న డాక్టరు ఏ రోజు ఉంటారో ముందే అడిగి, ఎండ ఎక్కకముందే చేరేలా తెల్లవారుజామున బయలుదేరండి. మూత ఉన్న బుట్టలో అది రోజూ పడుకునే గుడ్డనే పరచండి, పైన పలుచని తువ్వాలు కప్పండి. కుక్కలున్న వరుసలో కూర్చోకుండా, మీ వంతు వచ్చేదాకా బుట్టతో బయటే నీడలో ఉండండి. బెదిరిన పిల్లి గుండె వేగం చూసి ఏమీ తేల్చలేమని మా పిల్లికి స్కాన్ చేసిన డాక్టరు అన్నారు.

జవాబు: నాగావళి గట్టు (మూడు వారాల తరువాత)

ఎకో అయింది. మత్తు ఇవ్వలేదు; ఛాతీ దగ్గర కొంచెం బొచ్చు తీసి, పక్కకు పడుకోబెట్టి, నేను తల నిమురుతుండగా తీశారు. జఠరికల మధ్య గోడలో చిన్న రంధ్రం ఉందట. గుండె గదులు ఏవీ పెద్దవి కాలేదట. ఇప్పుడు మందు అవసరం లేదనీ, ఆరు నెలలకు మళ్ళీ చూడాలనీ రాసి ఇచ్చారు. కాటుక ఇప్పుడు 980 గ్రాములు ఉంది. మొదటి టీకా కూడా వేయించాను. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించవలసి ఉంటుంది కదా, ఈ గుండె మత్తును తట్టుకుంటుందా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు (బొబ్బిలి)

మంచి కబురు చెప్పారమ్మా. గదులు పెద్దవి కాలేదంటే మత్తు తట్టుకుంటుంది. ఐదారు నెలల వయసులో చేయించండి, మానవద్దు. గర్భం దాలిస్తే గుండె మీద పడే భారం మత్తు కంటే ఎక్కువ. అయితే ఎకో కాగితం ముందే ఆపరేషను చేసే డాక్టరు చేతిలో పెట్టండి. ఎక్కువమంది పిల్లులకు వాడే కెటమిన్ అనే మత్తుమందు గుండె వేగాన్ని పెంచుతుంది కనుక వేరే మందు ఎంచుకోమని, నరం ద్వారా ఎక్కించే సెలైను తక్కువగా, నిదానంగా ఎక్కించమని అడగండి. లోపం లేని పిల్లికి ఇచ్చినంత సెలైను ఇలాంటి పిల్లికి ఇస్తే ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. చిన్న ప్రాణం కనుక రాత్రంతా పస్తు ఉంచవద్దు, నాలుగు గంటలు చాలు. ఇంటికి తెచ్చిన రాత్రి లెక్కపుస్తకం దగ్గర పెట్టుకుని గంటకోసారి చూడండి, ఆ అంకెలు ఇక్కడ రాస్తే నేను కూడా చూస్తాను.