మనకు లక్షకు 41 మంది ఖైదీలు, అమెరికాకు 530: ఈ పోలిక నిలబడుతుందా?

గోదారి గట్టు:
జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కలు ముందు పెట్టుకుని చూడండి. ఏడాది చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, అంటే లక్ష జనాభాకు 41 మంది. అమెరికాలో 530 దాటారు. హత్యలు మనకు లక్షకు 2.1, అమెరికాకు 6.3. అత్యాచారాలు మనకు 4.7, అమెరికాకు 40 దాకా. మూడు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి: మన దేశంలో నేరం తక్కువ. "పోల్చకూడదు" అని కొట్టిపారేసేవాళ్లు ఏ అంకె ఎందుకు పోల్చకూడదో ఒక్కొక్కటిగా చెప్పాలని నా కోరిక.

లెక్కల పద్దు:
ముందు అత్యాచారాల అంకె, ఎందుకంటే మూడింటిలో అది అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. ఎన్‌సీఆర్‌బీ 4.7 అన్నది లక్ష మహిళలకు. అమెరికా 40 మొత్తం జనాభాకు. 31,516 కేసులను మొత్తం జనాభాతో భాగిస్తే 2.3 వస్తుంది. అంటే హారం సరిచేస్తే మీ తేడా ఇంకా పెరుగుతుంది. అయినా ఆ పోలిక చెల్లదు. ఎందుకో చెబుతాను.

మన దగ్గర ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా ఎన్‌సీఆర్‌బీ పట్టికలో అన్నిటికన్నా తీవ్రమైన ఒక్కటే ఎక్కుతుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్యల వరుసలో పడుతుంది, అత్యాచారాల వరుసలో కనబడదు. స్వీడన్‌లో దీనికి పూర్తిగా భిన్నం. ఒకే వ్యక్తి అదే బాధితురాలిపై ఎన్నిసార్లు చేశాడని చెబితే అన్ని నేరాలుగా నమోదవుతాయి, అదీ ఫిర్యాదు అందిన రోజునే. తర్వాత విచారణలో వీగిపోయినా లెక్కలోంచి తీయరు. పైగా 2005లో, 2013లో, 2018లో నిర్వచనం విస్తరించింది. ఇక్కడ ఏడాదిపాటు సాగిన దారుణం ఒక ఎఫ్‌ఐఆర్, ఒక కేసు. వైవాహిక అత్యాచారం పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ మినహాయింపుగానే ఉంది కాబట్టి అది లెక్కలోకే రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, పెళ్లయిన 18–49 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామని చెప్పారు. ఆ ఇళ్లలో ఎన్ని స్టేషన్ మెట్లెక్కాయో ఊహించుకోండి. నమోదు తక్కువగా ఉండటాన్ని నేరం తక్కువ అనుకుంటే నష్టపోయేది ఈ మహిళలే.

గోదారి గట్టు:
అత్యాచారాల అంకె వెనక్కి తీసుకుంటున్నాను. కానీ శవాన్ని దాచడం తేలిక కాదు కదా. హత్యల అంకెనైనా నమ్మొచ్చా?

కృష్ణా తీరం:
నమ్మొచ్చు, సర్దుబాటు చేశాక. ఆ 2.1 వెనకున్న 28,522 అన్నది ఐపీసీలో హత్యకు పెట్టే 302 సెక్షన్ కేసుల సంఖ్య. ఒక కేసులో ముగ్గురు చనిపోయినా ఒకటే. విదేశాలు లెక్కపెట్టేది చనిపోయినవాళ్లను. అందుకే అదే పట్టికలో పక్కనున్న బాధితుల వరుస తీసుకోవాలి. వరకట్న మరణాలు 304బీ కింద వేరే పెట్టెలో ఉంటాయి, ఆ ఏడాది 6,450 కేసులు. కేసుల మీదే కలిపినా 34,972 అవుతుంది, రేటు 2.1 నుంచి 2.5కి చేరుతుంది. హత్య కింద రాని ప్రాణనష్టం కేసుల్లో ఉద్దేశపూర్వకమైనవీ కలపాలి. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో మన రేటు ఎన్‌సీఆర్‌బీ కన్నా ఎక్కువ కనిపిస్తుంటే కంగారు పడకండి. అక్కడ 2015లో ఆమోదించిన అంతర్జాతీయ నేర వర్గీకరణ వాడతారు, మన సెక్షన్లు కాదు.

అమెరికా వైపూ రెండు అంకెలున్నాయి. 6.3 ఎఫ్‌బీఐది, పోలీసు నివేదికల నుంచి వస్తుంది. మరణ ధ్రువపత్రాల నుంచి వారి ఆరోగ్య శాఖ తీసే అంకె అదే ఏడాదికి 7 దాటింది. మన దగ్గర అనుమానాస్పద మృతిగా నమోదై అక్కడే ఆగిపోయే కేసులు ఈ పోలికలో అసలు బలహీనత. ఇవన్నీ సర్దినా మన రేటు అమెరికా కన్నా తక్కువే. ఇక్కడ మీ వాదన నిలబడుతుంది, నేను ఒప్పుకుంటున్నాను.

ఇంకో హెచ్చరిక. మొత్తం నేరాల రేటును మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి. 2019లో 51.56 లక్షలున్న కేసులు 2020లో 66.01 లక్షలయ్యాయి. దేశం ఏడాదిలో అంత చెడిపోలేదు. లాక్‌డౌన్ ఉల్లంఘనలకు వాడిన 188 సెక్షన్ కేసులు 29,469 నుంచి 6,12,179కి ఎగబాకాయి. అలాగే 2022 సైబర్ నేరాల్లో 65,893కి 15,297 తెలంగాణవే. ఫిర్యాదు తీసుకుని కేసు కట్టే రాష్ట్రం పట్టికలో పైన కనబడుతుంది. దాన్ని చూపి ఆ రాష్ట్రాన్ని తిడితే, రేపటి నుంచి కేసులు కట్టడం మానేస్తారు.

ఓరుగల్లు వకీలు:
జైళ్ల సంగతి నాకు వదిలేయండి. 530 అన్న అంకెలో రాష్ట్ర, ఫెడరల్ జైళ్లతోపాటు కౌంటీ జైళ్లూ ఉన్నాయి. ఏడాదికి పైగా శిక్షపడ్డవారిని మాత్రమే తీస్తే 2022లో లక్షకు 355. ఎవరైనా ఈ రెండోది చూపి "అమెరికా రేటు తగ్గింది" అంటే నమ్మకండి. చైనాకు చెప్పే 119లో శిక్షపడ్డవారే ఉన్నారు, విచారణలో ఉన్నవారు లేరు. మన 41లో సబ్‌జైళ్లు ఉన్నాయి, పోలీసు లాకప్‌లు లేవు.

అసలు తేడా లోపల ఉంది. మన 5,73,220లో 4,34,302 మంది విచారణ ఖైదీలు, 75.8 శాతం. శిక్షపడ్డవారు 1,33,415, లక్షకు పదిమంది కూడా లేరు. అమెరికాలో విచారణ ఖైదీలు దాదాపు నాలుగో వంతు. మొత్తం రేట్లు పక్కపక్కన పెడితే, శిక్ష అనుభవిస్తున్నవారినీ బెయిల్ పూచీ దొరకని పేదవాడినీ ఒకే గాటన కట్టినట్టే.

బందరు రోడ్డు:
శిక్షపడ్డవారు లక్షకు పదిమంది కూడా లేరంటే నేరస్తులు బయట తిరుగుతున్నారనే కదా అర్థం? ఐపీసీ కేసుల్లో శిక్షల రేటు 2022లో 54.2 శాతం. జపాన్‌లో 99. మనకు జైళ్లు తక్కువ, పోలీసులు తక్కువ. అసలు రోగం అది.

ఓరుగల్లు వకీలు:
54.2 అన్నది ఆ ఏడాది విచారణ ముగిసిన కేసుల్లోనే, పెండింగ్ గుట్ట అందులో లేదు. జపాన్‌లో బలహీనమైన కేసును ప్రాసిక్యూటర్ కోర్టుకే పంపడు, అందుకే 99. రెండూ వేర్వేరు జల్లెళ్లు.

జైళ్లు కట్టేముందు ఈ లెక్క చూడండి. 2019 చివర జైళ్లలో 4,78,600 మంది, ఆ ఏడాది లోపలికి వచ్చినవారు 18,86,092. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 365తో గుణిస్తే సుమారు 93 రోజులు. సగటున ఒక్కొక్కరు మూడు నెలలు. లోపలికి తోసేవారి సంఖ్య పెద్దది, గడువు చిన్నది. ఈ సగటు వెనక మరో పొడవాటి తోక ఉంది: 2022 చివరికి అయిదేళ్లకు పైగా తీర్పు లేకుండా ఉన్నవారు 11 వేలకు పైనే. 2022లో జైళ్లు సామర్థ్యంలో 131.4 శాతం నిండాయి. కొత్త బ్యారక్ కడితే ఈ రెండు గుంపుల్లో ఏదీ తగ్గదు. కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479 సెక్షన్ కింద, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బయటికి రావాలి. కానీ ఇంకో కేసు పెండింగ్‌లో ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. చాలామంది అక్కడే చిక్కుకుంటారు.

బందరు రోడ్డు:
మీ లెక్క ఒప్పుకుంటాను, మీ ముగింపు ఒప్పుకోను. కేసు త్వరగా తేలాలన్నా దర్యాప్తు అధికారులు కావాలి, జడ్జీలు కావాలి. తక్కువ ఖైదీ రేటును మంచితనంగా చూపితే ఆ ఖర్చు ఎవరూ పెట్టరు.

గోదారి గట్టు:
సరే, నా పట్టిక మారుస్తాను. ఏం ఉంచాలి?

లెక్కల పద్దు:
హత్యలు బాధితుల లెక్కన, వరకట్న మరణాలతో కలిపి. ఖైదీలను విచారణలో ఉన్నవారు, శిక్షపడ్డవారు అని రెండు వరుసలుగా. ప్రతి అంకె కింద ఏడాది, హారం రాయండి. 2011 తర్వాత జనగణన లేక మన హారం అంచనాయే అన్నదీ రాయండి. అత్యాచారాల అంకె తీసేయండి. 2024 వరుసను పాతవాటితో గీత గీసి కలపకండి. జులై 1 నుంచి ఐపీసీ పోయి కొత్త సంహిత వచ్చింది, ఆ ఒక్క ఏడాదిలో సగం ఒక చట్టం కింద, సగం ఇంకో చట్టం కింద నమోదయ్యాయి.