బాపు దిగిపోతుండు, వచ్చే పైసలు ఇంటి మీద పెట్టాల్నా, నెలనెలా చేతికి వచ్చేటట్టు పెట్టాల్నా?

శ్రీరాంపూర్ శ్రీను

మా బాపు సింగరేణి, శ్రీరాంపూర్ ఏరియా. వచ్చే వానకాలంల 61 నిండుతయి, నౌకరి నుంచి దిగిపోతుండు. సీఎంపీఎఫ్ అంటే బొగ్గుబాయోళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ, లీవు పైసలు అన్నీ కలిపి 60 లక్షల దాంక వస్తయని ఆఫీసుల చెప్పిన్రు. పెన్షన్ 20 వేల చిల్లర, అది 1998 నాటి కోల్ మైన్స్ పెన్షన్ స్కీము, దాని మీద డీఏ పెరుగుడు లేదు, మొదటి నెల ఎంత వస్తే చివరిదాంక గంతే. క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. సొంత ఇల్లు లేదు, ఊర్లె తాత కట్టిన పెంకుటిల్లు ఉన్నది గని అండ్ల ఎవ్వరు ఉంటలేరు.

ఇంట్ల రోజూ ఇదే పంచాయితి. మంచిర్యాలల 200 గజాలు తీస్కొని జీ ప్లస్ వన్ కడత, పైన కిరాయికిస్త అంటడు బాపు. మా చిన్నాయిన ఏమో హైదరాబాద్ అవుతల రీజనల్ రింగ్ రోడ్డు దిక్కు రెండు ప్లాట్లు కొను, ఐదేండ్లల డబల్ అంటడు. బావ బిజినెస్‌కు 10 లక్షలు అడుగుతుండు. అమ్మకు 56, షుగర్ ఉన్నది, ఆమెకేం గావాల్నో ఎవ్వరు అడుగుతలేరు. నేనైతే పోస్టాఫీసుల వేద్దామంటున్న, దానికి బాపు నా మీదనే గరమైతుండు. నాది తప్పా? పెద్దోళ్లు జర చెప్పున్రి.

కరీంనగర్ రాజన్న

తమ్మీ, నీది తప్పని అనను గని మీ బాపు మాట కూడా ఇను. పొద్దుగాల బాయిలకు దిగి సాయంత్రం పైకొచ్చిన మనిషి, 35 ఏండ్లు కంపెనీ క్వార్టర్ల ఉన్నడు. గోడకు మేకు కొట్టాల్నన్నా ఎవరిదో అన్నట్టే ఉంటది. ఇప్పుడు దిగిపోయినంక కూడా కిరాయి ఇంట్ల ఉండుమంటే ఎట్ల ఉంటడు? 70 ఏండ్లకు ఓనర్ వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యుమంటే ముసలోళ్లు సామాన్లు మోస్కుంట తిరగాల్నా? ముసలోళ్లకు ఇల్లు కిరాయికి ఇయ్యనీకి కూడా శానమంది ఎనకాముందు ఆడుతరు, నేను చూసిన. ముందుగాల ఇల్లు, తర్వాతనే వడ్డీలు.

నాగమణి, గుంటూరు

శ్రీను బాబూ, నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి లెక్క నేను చెప్తాను. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక మనిషి 30 లక్షల దాకా వెయ్యొచ్చు, 2023 ఏప్రిల్‌కి ముందు 15 లక్షలే ఉండేది. వడ్డీ 8.2 శాతం, వేసిన రోజున ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది, మధ్యలో గవర్నమెంటు తగ్గించినా మీది తగ్గదు. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకి 20,500. మీ అమ్మగారికి ఇంకా 60 రాలేదు కాబట్టి ఆవిడ పేరు మీద విడిగా తెరవరు, కానీ నాన్నగారి అకౌంట్లో జాయింట్‌గా పెట్టొచ్చు. మంత్లీ ఇన్‌కమ్ స్కీముకి వయసు అడ్డం లేదు, ఇద్దరి పేరున 15 లక్షలు, 7.4 శాతం, నెలకి 9,250. పెన్షన్ కూడా కలుపుకుంటే 50 వేలు ఇంటికొస్తాయి, ఇంకా 15 లక్షలు చేతిలో ఉంటాయి.

ఇంకో మాట. ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి ఒకటో తారీకుల్లో వడ్డీ పడుతుంది కదా, ఆ వారమంతా కౌంటర్ దగ్గర రద్దీ. ఒకావిడ వచ్చేది, భర్త పోయారు, చదువు రాదు. పాస్‌బుక్ మిషన్లో పెట్టి ప్రింట్ తీసిచ్చాక వెళ్లేది కాదు, ఆ చివరి లైను మీద వేలు పెట్టి "ఇది ఎంతమ్మా, చదువు" అనేది. చదివితే తల ఊపి, అందులో మందులకి ఎంత, కరెంటుకి ఎంత అని అక్కడే నిలబడి లెక్క వేసుకునేది. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మంచివాళ్లే, అయినా ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా ఆవిడ బతికింది. మీ అమ్మగారి గురించి ఆలోచిస్తున్నావు చూడు, అదే ముఖ్యం. నాన్నగారి కంటే ఆవిడ ఐదేళ్లు చిన్న, ఈ డబ్బు ఎక్కువకాలం ఆవిడకే కావాలి.

ప్లాట్లే దిక్కు

మేడం, 50 వేలు ఇవాళ 50 వేలు, పన్నెండేళ్ల తర్వాత ఏంటి? ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే 12 ఏళ్లకి అందులో సగం విలువే మిగులుద్ది, పైగా ఆ పెన్షన్‌కి డీఏ లేదని వాళ్లబ్బాయే చెప్తున్నాడు. వడ్డీ తినేస్తూ పోతే అసలు అక్కడే ఉంటుంది గానీ దాంతో ఏమొస్తుంది? భూమి అలా కాదు, మా నాన్న 1990ల్లో కొన్న స్థలమే ఇవాళ మా ఇంటిల్లిపాదిని నిలబెట్టింది. తెలుగోడు భూమిని నమ్మి చెడిపోయింది లేదు.

మూర్తి విజయవాడ

చెడిపోయారు సార్, మా కళ్ల ముందే. 2015, 16ల్లో అమరావతి చుట్టుపక్కల కొన్నవాళ్లలో రిటైరైన మాస్టార్లు, బ్యాంకు వాళ్లు ఎంతమందో. 2019లో పనులు ఆగిపోయాక గజం ఎంతకి అమ్ముతామన్నా అడిగేవాడు లేడు. మా పెదనాన్నకి బైపాస్ చెయ్యాల్సి వచ్చినప్పుడు చేతిలో రెండు ప్లాట్ల కాగితాలున్నాయి, డబ్బు లేదు, పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించాం. 2024 తర్వాత మళ్లీ పనులు మొదలయ్యాయి, రేట్లు కదిలాయి, నిజమే, కానీ ఆయన దాకా అది రాలేదు. నలభై ఏళ్లవాడు పదేళ్లు ఆగగలడు, 61 ఏళ్లాయన ఆగగలడా అన్నది ప్రశ్న.

ఐదేళ్లలో డబుల్ అంటే ఏడాదికి 15 శాతం చొప్పున పెరగాలి, అదీ ఏటా తప్పకుండా. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం పోతుంది, అంటే 40 లక్షల ప్లాటుకి మొదటి రోజే 3 లక్షలు. లేఅవుట్‌కి పర్మిషన్ లేకపోతే ఎల్ఆర్ఎస్ అని క్రమబద్ధీకరణ ఫీజు మళ్లీ కట్టాలి, 22ఏ లిస్టులో, అంటే నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబర్ ఉంటే అసలు రిజిస్ట్రేషనే కాదు. ప్రీలాంచ్ అని, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రేరా నంబర్ కూడా రాకముందే డబ్బు తీసుకునేవాళ్లు రిటైరైనవాళ్లనే ముందు పట్టుకుంటారు, ఎందుకంటే ఒకేసారి చెక్కు రాసివ్వగలిగేది వాళ్లే.

ప్లాట్లే దిక్కు

నేను ప్రీలాంచ్ కొనమన్లేదు సార్, క్లియర్ టైటిల్ ఉన్నది చూసుకుని కొనాలి, అది కొనేవాడి బాధ్యత. భూమి వద్దంటే ధరల పెరుగుదలకి మందేంటో చెప్పండి మరి. కనీసం 15 లక్షలు మ్యూచువల్ ఫండ్లో పెట్టి నెలనెలా కొంచెం తీసుకోమనండి, 61 అంటే ఇంకా ఇరవై పాతికేళ్ల లెక్క.

మూర్తి విజయవాడ

ఫండ్ మాట ఒప్పుకుంటాను, 15 మాత్రం ఎక్కువ. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేల దగ్గరుంది, అక్టోబర్‌కి 9 వేల కిందకి వచ్చింది. జీతం వస్తున్నవాడికి అది కొనుక్కునే అవకాశం, దిగిపోయిన ఏడాదే అలా పడి, పడిన రేటుకే యూనిట్లు అమ్ముకుని ఇల్లు గడుపుకోవాల్సొస్తే ఆ పోయింది మళ్లీ రాదు. ఐదు లక్షలు పెట్టి పదేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగితే పెట్టమనండి.

నాగమణి, గుంటూరు

ధరలకి మందు మా ఆఫీసులో చాలామంది చేసిందే. మొదటి ఐదారేళ్లు ఒంట్లో ఓపిక ఉంటుంది, ఖర్చు తక్కువ, వచ్చిన 50 వేలూ తినేయకుండా అందులో 8, 10 వేలు ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టడం. మంచిర్యాలలో ఇద్దరు మనుషులు, అప్పులేవీ లేకపోతే 35, 40 వేలతో గౌరవంగా బతకొచ్చు. టాక్స్ భయం కూడా అక్కర్లేదు, కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది లేదు, కాకపోతే వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) కొయ్యకుండా ఏటా ఫారం ఇవ్వడం మర్చిపోకూడదు. ఇంకొకటి, 11, 12 శాతం ఇస్తామనే ప్రైవేటు సొసైటీల వైపు దయచేసి చూడొద్దు. బ్యాంకులోనైనా గ్యారంటీ 5 లక్షల వరకే, పోస్టాఫీసు డబ్బుకి పూచీ కేంద్ర ప్రభుత్వానిది.

కరీంనగర్ రాజన్న

అందరు వడ్డీల మీదనే మాట్లాడుతున్రు, మనిషి ఏడ ఉండాల్నో ఎవ్వరు చెప్తలేరు. మేడం లెక్కల ఇంటికిరాయి ఏదీ? అండ్ల నుంచి 8 వేలు తీసెయ్యున్రి, ఏటేటా పెరుగుతది కూడా. శ్రీను, 200 గజాలు, జీ ప్లస్ వన్ వద్దు, అది నేను కూడా ఒప్పుకుంట, ఎందుకంటే స్థలం కట్టుడు కలిపితే 60 మొత్తం అయిపోయి ఇంకా అప్పు తేవాలె, పైన కిరాయి వచ్చేది 7, 8 వేలు. గంత పెట్టి గంత వచ్చుడు దండుగ. 100 గజాల్ల రెండు రూములు, హాలు, కింద ఒక్కటే, దవాఖానకు దగ్గర. దాని మీద 30 పోనియ్యి, 30 పోస్టాఫీసుల వెయ్యి. పెన్షన్ కలిపితే నెలకు 40 వేలు వస్తయి, కిరాయి బాధ లేదు. ఇండ్ల తప్పేముంది?

డాలస్ నుంచి సునీత

రాజన్న గారి లెక్కలో ఆసుపత్రికి ఏమీ మిగల్లేదండి. మా అమ్మానాన్న ఖమ్మంలో అచ్చం ఇలాగే చేశారు, ఇల్లు కట్టి మిగిలినదంతా డిపాజిట్లో పెట్టారు. నేను పంపగలను, పంపుతాను కూడా, కానీ వాళ్లు అడగరు. అమ్మ కంటి ఆపరేషన్ ఎనిమిది నెలలు వాయిదా వేసుకుందని పక్కింటావిడ చెప్తే నాకు తెలిసింది. కనీసం 5 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా విడిగా ఉండాలి, పిల్లల్ని అడగాల్సిన అవసరం లేనట్టు. కంపెనీ మెడికల్ కార్డు ఉంటుందంటారు కానీ దానికీ లిమిట్ ఉంటుంది కదా, మందులు, టెస్టులు, పోయిరావడం అన్నీ అందులో రావు. 70 దాటితే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాలో ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల కవరుంది, మీ నాన్నగారికి దానికింకా తొమ్మిదేళ్లు.

అనంతపురం వకీలు

బావ 10 లక్షల సంగతి ఎవరూ ఎత్తలేదే, నేను చెప్తా. ఇస్తే ఇచ్చినట్టే అనుకొని ఇయ్యల్ల, తిరిగొస్తాదని లెక్కలో రాసుకోకూడదు. కూతురి కాపురం అని నోటు కూడా రాయించుకోరు, రాయించుకున్నా కూతురి మొగుని మీద కోర్టుకు పోయే తండ్రిని నేను చూడలే. నా సలహా, మొదటి రెండేండ్లు ఎవరికీ ఏమీ ఇయ్యకుండా ఉండమను.

ఇల్లు కొంటే మీ అమ్మ పేరు కూడా దస్తావేజులో ఉండల్ల. రేపు ఎవరైనా గిఫ్ట్ డీడ్ చెయ్యమంటే చెయ్యొద్దు, వీలునామా రాసుకోమను, అది బతికుండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఒకవేళ గిఫ్ట్ ఇచ్చినా, మమ్మల్ని చూసుకోవల్ల అనే షరతు అందులోనే రాయించుకోవల్ల. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో సెక్షన్ 23 కింద, ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆస్తి వెనక్కి అడగొచ్చు. షరతు రాయకుండా ఇచ్చేసి తర్వాత మా దగ్గరికొచ్చి ఏడ్చేవాళ్లే ఎక్కువ.

శ్రీరాంపూర్ శ్రీను

అందరికి దండాలు. నిన్న రాత్రి మీ లెక్కలన్నీ కాయితం మీద రాసి బాపు ముందట పెట్టిన. ప్లాట్ల ముచ్చట అయితే బందైంది, అమరావతిది చదివినంక ఇగ మాట్లాడలే. జీ ప్లస్ వన్ మీద ఇంకా మనసున్నది, పక్క క్వార్టరాయన కట్టిండు, మనం కట్టకపోతే ఏమనుకుంటరు అంటడు. అమ్మనడిగితే మేడలెక్కుడు నాతోని కాదు, కింద ఒక్కటే సాలు, బావకు పైసలిచ్చుడు మాత్రం వద్దన్నది. బాపు ఏమనలే. ఊర్లె పెంకుటిల్లు బాగు చేసుకుందామంటే 8, 10 లక్షలల్ల అయితదట, గని మంచిర్యాల దవాఖానకు గంట తొవ్వ. రాత్రిపూట షుగర్ పడిపోతే ఎట్ల?

నాగమణి మేడం, ఒకటి అడుగుత. ముందు పోస్టాఫీసుల 30 వేసి, తర్వాత ఇల్లు దొరికితే తీసుకోవచ్చునా? పైసలన్నీ దొరుకుతయా లేకపోతే ఐదేండ్లు లాకేనా?

కరీంనగర్ రాజన్న

ఊరికి పోవుడు మాత్రం వద్దు తమ్మీ, గంట తొవ్వ ఇప్పుడు గంట, 75ల అదే మూడు గంటలు. పక్కాయన కట్టిండని కట్టుడు కూడా వద్దు. గని కిరాయిల ముసలితనం ఎల్లదీయుమంటే నేనైతే ఒప్పుకోను, ఎవ్వరెన్ని చెప్పినా.

నాగమణి, గుంటూరు

తీసుకోవచ్చు బాబూ. ఏడాది లోపల మూసేస్తే ఇచ్చిన వడ్డీ అసల్లోంచి పట్టుకుంటారు, ఏడాది దాటి రెండేళ్ల లోపైతే అసల్లో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటితే ఒక శాతం కోస్తారు. అందుకని 30 ఒకే అకౌంట్లో వెయ్యకుండా 10, 10, 10 మూడు అకౌంట్లు తెరవండి, మొత్తం కలిపి 30 దాటకపోతే చాలు. కావాల్సినప్పుడు ఒకటే మూసుకోవచ్చు, మిగతా రెండిటికీ వడ్డీ నడుస్తుంది. డబ్బు చేతికొచ్చాక ఇల్లు చూసుకునే ఆర్నెల్లూ ఇంటికి పెట్టదలచింది మామూలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచండి, దాన్ని ఇందులో కలపొద్దు. ఆధార్, పాన్, ఫొటోలు, చెక్కు తీసుకెళ్తే సరిపోతుంది, లక్ష దాటితే నగదు తీసుకోరు. ఈ స్కీముకి ఏజెంటు అవసరం లేదు, ఎవరైనా ఫారం నింపుతామని వస్తే వద్దనండి. నామినీ కాలమ్ ఖాళీగా వదలకండి, జాయింట్‌గా ఉన్నా సరే రాయించండి. తెరిచే రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, సంతకం ఆవిడది కూడా కావాలి.