పన్నెండో చోటు ఎవరికివ్వాలి?

జూనియర్ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్‌ని. పదకొండు మంది ఖాయం. మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు షూటర్. కార్నర్‌లో ఖాళీగా వదిలేస్తే త్రీ (మూడు పాయింట్ల షాట్) పడ్డట్టే. కానీ డిఫెన్స్‌లో బంతినే చూస్తూ నిలబడతాడు. తను కాయాల్సినవాడు వెనకనుంచి బాస్కెట్ కిందికి జారుకున్నా తెలియదు. రెండోవాడి షాట్ అంతంతమాత్రం. అయితే స్క్రీన్ (అవతలివాడు మనవాడి దారికి అడ్డంగా నిలబడటం) వస్తోందంటే ముందే అరిచి చెప్తాడు, రీబౌండ్‌కి, అంటే గురి తప్పి వెనక్కొచ్చే బంతికి, ఒళ్లు దాచుకోడు. నా మనసు వీడి మీదే ఉంది. అసిస్టెంటేమో షూటరే అంటున్నాడు. మీరైతే?

పాత పాయింట్ గార్డ్:
పన్నెండోవాడు దిగేదెప్పుడండీ? ఎవరికైనా ఫౌల్స్ ఎక్కువైతే, ఏ రెండు మూడు నిమిషాలో. షూటర్‌కి చేయి కుదురుకునేలోపే మళ్లీ బెంచీకి రావాలి. డిఫెన్స్ అలా కాదు, దిగిన వెంటనే పనికొస్తుంది. NBA ఆటగాడు అలెక్స్ కరూసో 2017లో లేకర్స్ జట్టులో టూ-వే కాంట్రాక్ట్‌తో (కొన్నాళ్లు ప్రధాన జట్టుకి, కొన్నాళ్లు కింది లీగ్ జట్టుకి ఆడే ఒప్పందం) చేరాడు. ప్రధానంగా డిఫెన్స్‌తోనే నిలదొక్కుకుని, 2020లో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

బెంచీ వీరుడు:
నేనొప్పుకోను. అవతలివాళ్లు జోన్ వేస్తే, అంటే ఒక్కో ఆటగాణ్ణి వెంటాడకుండా తలా ఒక చోటు కాస్తే, ఏం చేస్తారు? బయటినుంచి వేసేవాడు లేకపోతే ఐదుగురూ బాస్కెట్ ముందున్న పెయింట్‌లోనే తిష్ఠ వేస్తారు. అసలు మీ పదకొండు మందిలో త్రీ వేసేవాళ్లెందరు?

కోచ్:
ఇద్దరే. అందులో ఒకడికి చీలమండ నొప్పి. అదే టెన్షన్.

బెంచీ వీరుడు:
ఆ ముక్క ముందే చెప్పాలి కదా! షూటర్‌నే తీసుకోండి. రెండోవాడికి మాత్రం కారణం మీరే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, లిస్టు అంటించి ఊరుకోకండి.