సమస్య: "ఆడలేక మద్దెలోడు నిజమె"

నిర్వాహకుడు, హనుమకొండ:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు కట్టాలి. "ఆడలేక మద్దెలోడు నిజమె." మొన్న మా ఇంట్లో ఒక గొడవ జరిగింది, అక్కడ పుట్టింది ఇది. మా అబ్బాయి మార్కులు తక్కువొచ్చి పేపర్ మీద నెపం పెడితే, నేను "ఆడలేక మద్దెలోడు అన్నట్టుంది నీ వరస" అన్నాను. వాడు "మద్దెలోడు ఏం చేసిండు నాన్నా, పాపం?" అన్నాడు. వాడి లెక్కలో మద్దెలోడు అంటే మద్దెల కొట్టేవాడు. మన వైపు బండోడు, పాలోడు, కిరాణపోడు ఉన్నట్టే మద్దెలోడు. సామెతలో ఉన్నది మాత్రం మద్దెల + ఓడు. ఓడు అంటే పగిలినది, బీటవారినది.

రంజన్, అదే నీళ్ల కుండ, కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి చూస్తాం కదా. ఖంగుమంటే మంచిది, డబ్బుమంటే ఓడు. త్రాడు త్రాటి అయినట్టు, నాడు నాటి అయినట్టు ఓడు ఓటి అవుతుంది. వ్యాకరణం రాసిన చిన్నయసూరి ఔపవిభక్తికాలన్న బాపతు, అంటే విభక్తి ముందు ఇలా చివర మారే మాటలు. ఓటికుండ అన్న మాట ఇంకా బతికే ఉంది, ఒంటరిగా ఓడు అనేవాళ్లే తగ్గిపోయారు.

మరి మాట మరచిపోయినా సామెతలో ఎలా నిలిచింది? గణాలు విడగొట్టి చూడండి: ఆడ, లేక, మద్దె, లోడు. నాలుగూ ఈ పాదానికి కావలసిన సూర్యగణాలే, నాలుగూ గలాలే, అంటే గురువు తర్వాత లఘువు. మొదటి గణంలో ఆడ, నాలుగో గణంలో లోడు. రెండు చోట్లా ముందు గురువు, తర్వాత డకారం. యతి అంటే ఈ రెండు గణాల తొలి అక్షరాల పొత్తు, ఇక్కడ దానికి బదులు రెండో అక్షరాలు కలిశాయి. అంటే ప్రాసయతి! ఎవరు కట్టారో గానీ చెవి ఉన్నవాళ్లు. "మద్దెలోటిది" అని మార్చి చూడండి, అర్థం తేటపడుతుంది, ప్రాస పోతుంది. అందుకే జనం అర్థం వదులుకున్నారు, మోత వదులుకోలేదు. నేను చేసిందల్లా చివర "నిజమె" చేర్చడం. ఆదివారం రాత్రి దాకా గడువు.

కాజీపేట రైలన్న:

సారూ, మీ అబ్బాయి అర్థమే తీసుకున్నా. తప్పయితే తప్పు.

రాత్రి యంత జనము రచ్చలోఁ గూర్చుండ
కాలు కదుపఁడాయెఁ గంసుఁ డచట
కారణంబు దెలిసె, కల్లు మండువఁ జూడ
ఆడలేక, మద్దెలోడు, నిజమె!

ఇంకో ముచ్చట. మా డ్యూటీ రూంలో అన్ని రాష్ట్రాల వాళ్లుంటారు. హిందీ ఆయన "నాచ్ న జానే, ఆంగన్ టేఢా" అంటాడు, వాకిలి వంకరట. కన్నడ ఆయన నేల డొంకు అంటాడు. తమిళాయన కూడం కోణల్ అంటాడు, హాలు వంకరని. అందరూ కాళ్ల కింది నేలను తిడితే మనం పక్కనున్న వాద్యాన్ని తిట్టినం!

నిర్వాహకుడు:

రైలన్నా, శ్లేష బ్రహ్మాండం. "కదుపఁడాయె" చాలా సహజంగా పడింది. భాగోతంలో కంసుడంటేనే గంతులు, ఆయనే కదలకపోతే ఆట ఆగినట్టే. ఒక్క పేచీ. "ఆడలేక" అసమాపక క్రియ, దానికి పట్టు రెండో పాదంలో ఉంది. మధ్యలో కల్లు మండువ అడ్డం వచ్చింది. చదివేవాడు వెనక్కి వెళ్లి రావాలి. సమస్యాపూరణంలో అన్వయం పాదం దాటొచ్చు గానీ ఇంత దూరం నడిపించకూడదు. వాకిలి ముచ్చట మాత్రం బంగారం.

ములుగు టీచరమ్మ:

నాది ఆఫీసు పూరణం. ఏ ఆఫీసో అడగొద్దు, అన్నీ ఒకటే.

ఫైలు కదలదేమి బాబూ యటన్నంత
సర్వరిపుడు డౌను, సార్లు లేరు
చేతిలోని చాయి చెప్పెరా సత్యమ్ము
ఆడలేక మద్దెలోడు నిజమె!

ఓడు గురించి ఒక మాట. అది కుండల మాట కదా, మద్దెలకెలా అంటిందని మా పిల్లలు అడిగారు. మృదంగం పేరులోనే మృత్ ఉంది, మట్టి ఒళ్లు కలదని. మట్టి వాద్యానికి కుండ మాట అతకడం వింతేం కాదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, మన సామెతల్లో మట్టి పాత్రలకు ఎప్పుడూ ఇదే గతి.

మా దగ్గరి రామప్ప గుడికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా నాట్యకత్తెల పక్కన మద్దెల వాయించేవాళ్లను చూపిస్తాను. 1213 శాసనం నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ రాతిలో ఆమె నడుము ఎటు వంగితే ఇతని తల అటే వాలుతుంది. ఆ గుడి నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం మార్గానికి, అంటే శాస్త్రపద్ధతికి, సగం దేశికి, అంటే ప్రాంతాల పద్ధతికి. ఏనుగుల దళం చూసుకునే ఆయనకే అంత తీరిక దొరికింది, మనకు ఫైలు మీద సంతకానికి దొరకదు.

నిర్వాహకుడు:

టీచరమ్మా, మూడో పాదం నాకు నచ్చింది. ఎదుటివాడు నోటితో అబద్ధం చెబుతుంటే చేతిలో చాయ్ నిజం చెప్పేస్తోంది. "డౌను" మీద పెద్దలు అభ్యంతరం చెప్పొచ్చు. నేను చెప్పను. దానికి ఎవరూ తెలుగు మాట వాడరు, పద్యంలో ఒక్కచోటే సంస్కృతం దిగుమతి చేస్తే అది ఎబ్బెట్టు. "ఫై"కి "బా"కి యతి కుదిరింది, ఐకారం అకారంతో చెల్లుతుంది. కానీ "సత్యమ్ము" ఛందస్సు కోసం వచ్చింది, చాయ్ పక్కన కొంచెం పట్టుబట్ట కట్టుకున్నట్టుంది.

జనగామ పిల్లోడు:

సార్, మొదటిసారి రాస్తున్నా. నేను ఇన్నేళ్లూ మద్దెల ఓడిపోయింది అనుకున్నా, కబడ్డీలో ఓడినట్టు. 😄

బస్సు లేటు సారు, ట్రాఫికు జామాయె
నిన్న రాత్రి కరెంటు లేదు
హాజరిచ్చి మమ్ము నాదుకోండి దయగ
ఆడలేక మద్దెలోడు నిజమె

నిర్వాహకుడు:

శభాష్, మూడో పాదం నిర్దుష్టం. "హా"కి "నాదు"లోని ఆకారానికి యతి నీకు తెలిసే పడిందా, తెలియక పడిందా? మొదటి పాదంలో "బ"కి "ట్రా" చెల్లదు. రెండో పాదంలో "కరెంటు" లఘువు, గురువు, లఘువు, జగణం. సూర్యగణాల వరసలో గణం మొదట్లో అది కూర్చోదు. పైగా ఆ పాదంలో ఒక గణం తక్కువైంది. ఇవన్నీ దిద్దుకోవచ్చు. అసలు లోపం వేరే ఉంది. నాలుగో పాదం ఎవరు అంటున్నారు? హాజరు అడుక్కునే పిల్లవాడే తన మీద సామెత వేసుకోడు కదా. సమస్య తోకలా వేలాడుతోంది.

పరకాల తాతయ్య:

పిల్లవాణ్ణి భయపెట్టకండి సారూ. బిడ్డా, నీ సరుకుతోనే కట్టిన, చూడు.

బస్సు లేటు సారు, వాన దంచుచునుండె,
పవరు పోయె రాత్రి, ఫ్యాను లేదు,
అన్న శిష్యుఁ జూచి యయ్యవారనె నిట్లు:
"ఆడలేక మద్దెలోడు నిజమె!"

బకారానికి వకారం యతి, పకారానికి ఫకారం. కరెంటు కుదరకపోతే పవరు. కడమ అంతా నీదే.

ఇక రైలన్నకు ఒక మాట. పద్యం మంచిగుంది, కాదనను. కానీ కంసుడు ఆడకపోతే నువ్వు కూడా పోయి మద్దెలాయన మీదనే పడితివి. మా నాయన మద్దెల వాయించెటోడు. ఆట మొదలయ్యే ముందు ఇంత బొంబాయి రవ్వ నీళ్లతో పిసికి, ఎడమ తోలు నడుమ బిళ్లలాగ అద్దేది. తట్టేది, వినేది, చిటికెడు గీకి తీసేది, మళ్లా తట్టేది. ముసురు రోజుల్లో ఎంత గీకినా శ్రుతి నిలవదు. ఆటవాళ్లు గుర్రుగా చూసేది. నాయన ఒక్కనాడు గూడ వాన మీద చెప్పలేదు, మెల్లగ బిగించుకునేది. ఆయన తరఫున నేను చెప్తున్న.

ముసురు పట్టి నేఁడు మూఁడు దినాలాయె,
చెమ్మఁ దాగి తోలు జీవమణఁగె,
పదము తెలుసు, గజ్జె పలుకదు జోడుగా,
ఆడలేక, మద్దెలోడు నిజమె!

కాజీపేట రైలన్న:

తాతా, తప్పయింది. నా పద్యంల మండువకు కంసుణ్నే పంపుతా, తిరగరాస్తా.

నిర్వాహకుడు:

తాతయ్యా, ఈ వారం మీదే. "చెమ్మఁ దాగి" దగ్గర ఆగిపోయాను, తోలు నీళ్లు తాగిందనడం వాద్యం చేతిలో పట్టుకున్నవాళ్లకే వస్తుంది. పైగా అందరం సామెతను వెక్కిరింతగా వాడితే మీరు నెపాన్ని నిజం చేశారు, "నిజమె"కు పని పెట్టారు. సమస్య ఇచ్చినప్పుడు నేను ఆశించింది ఇదే గానీ తోవ నాకూ తోచలేదు. పేచీ పెట్టక తప్పదు కాబట్టి ఒకటి: తడిసిన తోలు ఓడు కాదు, ఆరితే మళ్లీ పలుకుతుంది. ఓడు అంటే ఇక అతకనిది. ఇంకొకటి, "తెలుసు" బదులు "తెలియు" అంటే గణం చెడదు, కావ్యభాషకు దగ్గరవుతుంది.

పరకాల తాతయ్య:

మొదటిది ఒప్పుకుంటున్న. రెండోది మార్చను. నాయన "తెలుసు" అనేది.

ఆ మద్దెల మా అటక మీదనే ఉన్నది. మీ పద్యాలన్నీ చదివి పొద్దున మనవడితో దింపించిన. పనస కట్టె, వార్లు ఎండి తాళ్ల లెక్క అయినయ్. గణుపుతో కట్టె మీద కొట్టి చూస్తే ఖంగుమన్నది, ఎక్కడా బీట లేదు. రవ్వ అద్ది ఒక ఆవృతం వేద్దామనుకున్న. మద్దెల పలికింది. నా వేళ్లే తిరగలేదు.