హోం థియేటర్‌కు 12 లక్షలు: గదికి ఎంత, సామానుకు ఎంత?

హంటర్‌రోడ్_శ్రోత:
అందరికీ నమస్తే. హన్మకొండలో మా ఇంటి పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంది. పొడవు 20 అడుగులు, వెడల్పు 13, ఎత్తు 10. నేల గ్రానైట్, గోడలు మామూలు ప్లాస్టర్, ఒక కిటికీ. మొత్తం 12 లక్షలు పెట్టగలను, ఆపైన రూపాయి కూడా కుదరదు. నేను వేసుకున్న లెక్క ఇది: ప్రొజెక్టర్ 4 లక్షలు, 150 అంగుళాల తెర 60 వేలు, స్పీకర్లను నడిపే రిసీవర్ 1.8 లక్షలు, పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 5.1.4కి (చుట్టూ ఐదు, సబ్‌వూఫర్ ఒకటి, పైన నాలుగు) స్పీకర్లు 4 లక్షలు, లోతైన మోతకు, అంటే బేస్‌కు, సబ్‌వూఫర్ 80 వేలు. మిగిలిన 80 వేలలోనే వైరింగ్, కుర్చీలు, గది పని అన్నీ అవ్వాలి. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి చెప్పండి.

ఓరుగల్లు_సౌండ్:
లెక్క బాగుంది తమ్మీ. స్పీకర్ల దగ్గర మాత్రం తగ్గకు. రిసీవర్ ఐదారేళ్లకు పాతబడుతుంది, ప్రొజెక్టర్ కూడా అంతే. మంచి స్పీకర్లు ఒకసారి కొంటే 20 ఏళ్లు వింటావు. గది పనికి అంత అక్కర్లేదు. వరంగల్ కొత్తవాడకు పోయి మంచి దర్రీలు (నూలు తివాచీలు) రెండు తెచ్చుకో. ఒకటి నేలమీద పరుచు, ఒకటి వెనక గోడకు వేలాడదీయి. కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే చాలు.

కరీంనగర్_గ్రానైట్:
చాలదు అన్నా. గ్రానైట్ నేల, ప్లాస్టర్ గోడలు, పైన స్లాబ్. ఆ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినమనండి, శబ్దం గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట 4 లక్షల స్పీకర్లు పెట్టినా మాట మీద మాట పడి డైలాగ్ అర్థం కాదు.

ఇక బేస్ సంగతి. ధ్వని సెకనుకు 343 మీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన 20 అడుగుల పొడవుకు 28 హెర్ట్జ్ దగ్గర, 13 అడుగుల వెడల్పుకు 43 దగ్గర, 10 అడుగుల ఎత్తుకు 56 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. పొడవు వల్ల వచ్చే రెండో మోత కూడా 56 దగ్గరే పడుతుంది కాబట్టి అక్కడ రెండూ కలుస్తాయి. ఒక సీట్లో గుండె అదురుతుంది, రెండో వరసలో బేసే వినిపించదు. తమ్ముడూ, 12 లక్షల్లో కనీసం 3 లక్షలు గదికి తీసి పెట్టు. నాలుగు అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతి ఉన్ని) ప్యానెళ్లు గోడలకు, సీలింగ్‌కు, మూలల్లో ఇంకా మందంగా. ఖరీదైన సబ్‌వూఫర్ ఒకటి కాకుండా మధ్యరకానివి రెండు కొని ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెడితే సీటుకూ సీటుకూ తేడా తగ్గుతుంది.

మంచిర్యాల_88:
కొటేషన్ పాతదైతే మళ్లీ అడుగు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్లు, పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది.

ఓరుగల్లు_సౌండ్:
దర్రీలను తీసిపారేయకు తమ్మీ. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన పని అది. మా ఇంట్లో దర్రీలే ఉన్నాయి, నాకు ప్రతి డైలాగ్ స్పష్టంగా వినిపిస్తుంది. దూదికి 3 లక్షలు పెడితే స్పీకర్లు 2 లక్షల స్థాయికి దిగుతాయి. ఆ తేడా చెవికి తెలియదా?

కరీంనగర్_గ్రానైట్:
నేతపనిని నేనేమీ అనలేదు. 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని అల పొడవు 20 అడుగులు, అందులో నాలుగో వంతు తీసుకున్నా 5 అడుగులు. పలుచని నూలు దర్రీ దాన్ని ఎలా పీల్చుకుంటుంది? పై ఫ్రీక్వెన్సీల్లో కొంత పని చేస్తుంది, ఒప్పుకుంటాను. అంతకుమించి కాదు.

ఓరుగల్లు_సౌండ్:
దానికే కదా రిసీవర్‌లో మైక్ పెట్టి సరిచేసే సదుపాయం ఇచ్చింది?

కరీంనగర్_గ్రానైట్:
అది మోత ఎక్కువైన చోట తగ్గించగలదు. గోడకు తగిలి వచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని రద్దు చేసే చోట ఎంత పవర్ పంపినా ఆ పవర్ కూడా రద్దవుతుంది. ప్రతిధ్వనిని అది ఆపలేదు. పెద్ద యాంప్లిఫయర్ కొన్నా అంతే, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే.

వడ్డేపల్లి_పద్మ:
కింది గదిలో ఎవరు పడుకుంటారు? మా ఇంట్లో పైన సినిమా పెడితే అత్తమ్మ గదిలో అల్మారా తలుపులు గడగడలాడేవి. ఈ ప్యానెళ్లు పెడితే శబ్దం కిందికి దిగకుండా ఉంటుందా?

కరీంనగర్_గ్రానైట్:
ఉండదు అక్కా. ప్యానెల్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, స్లాబ్‌లోంచి దిగే బేస్‌ను ఆపదు. దాన్ని ఆపాలంటే బరువు కావాలి, అసలు గోడకు తగలకుండా రెండో గోడ కట్టాలి, నేల మీద ఇంకో నేల వేయాలి, తలుపు సందులన్నీ మూయాలి. 12 లక్షల్లో అది కాదు.

ఓరుగల్లు_సౌండ్:
3 లక్షలు పెట్టినా కింది వాళ్లకు నిద్ర ఉండదని నువ్వే అంటున్నావు. మరి ఆ ఖర్చు దేనికి?

కరీంనగర్_గ్రానైట్:
రెండూ వేరని ఇప్పుడే రాశాను. చదవకుండా జవాబిస్తే ఎలా? నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా హాలు కూడా గ్రానైటే. షాపులో కార్పెట్ వేసి, గోడలన్నీ మెత్తగా చేసిన గదిలో వినిపించి స్పీకర్లు అమ్మారు. ఇంటికి తెచ్చాక మా నాన్నకు ఒక్క మాట అర్థమయ్యేది కాదు. తెలుగు సినిమాకు ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడాల్సి వచ్చింది. షాపు వాళ్లను అడిగితే ఇంకా పెద్ద సెంటర్ స్పీకర్ కొనమన్నారు. గది గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. నాన్న హాల్లో కూర్చోవడమే మానేశారు. స్పీకర్లకే అంతా పెట్టమని చెప్పే మీలాంటి వాళ్ల వల్లే ఇదంతా.

ఓరుగల్లు_సౌండ్:
మీలాంటి వాళ్లు అంటే ఎవరు? నేనేమైనా షాపు నడుపుతున్నానా? ప్యానెళ్లు చేసే వాళ్లు నీకు చుట్టాలా?

ఖని_ఇంజనీర్:
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగిన అబ్బాయి 150 అంగుళాల తెర అన్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ 150 మూల నుంచి మూలకు కొలత, వెడల్పు దాదాపు 11 అడుగులు. గోడ 13. ఇక ఎడమ, కుడి స్పీకర్లు ఎక్కడ నిలబెడతాడు? 120 అంగుళాలకు వస్తే వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, 12 అడుగుల దూరంలో కూర్చుంటే కంటి నిండా ఉంటుంది. పైగా అదే ప్రొజెక్టర్ 150 మీద పడితే వెలుగు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తెర తగ్గించు, అంత ఖరీదైన ప్రొజెక్టర్ అవసరం పడదు.

కాజీపేట_రైలు:
ఓటీటీలో వచ్చే అట్మాస్ కుదించినది. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే సెకనుకు 768 కిలోబిట్స్ వరకే. బ్లూరే ప్లేయర్‌కు కూడా కొంత పక్కన పెట్టుకో.

కరీంనగర్_గ్రానైట్:
నాకు చుట్టాలూ లేరు, కమీషనూ లేదు. మీరు గది అనే మాట వింటేనే ఎందుకు ఇంత మండిపడుతున్నారో అది చెప్పండి.

ఓరుగల్లు_సౌండ్:
చెప్తా విను. నేనూ గది కట్టించాను. నాన్న కట్టిన ఇంట్లో, పై అంతస్తులో. గోడలకు రెండో పొర, సీలింగ్, లోపల దాచిన వైరింగ్, బరువైన తలుపు, అన్నీ చేయించాను. తర్వాత అన్నదమ్ముల పంపకాలు వచ్చాయి. పై అంతస్తు తమ్ముడి వాటాకు పోయింది. గదికి పెట్టిన డబ్బు అడిగితే, నీ సరదాకు చేయించుకున్నావు, దానికి లెక్కేముంది అన్నారు పెద్దమనుషులు. పైసా రాలేదు. ఇప్పుడు ఆ గదిలో బియ్యం బస్తాలు, పాత మంచాలు ఉన్నాయి. స్పీకర్లు మాత్రం బండి ఎక్కించుకుని తెచ్చుకున్నాను, ఇవాళ్టికీ వింటున్నాను. నీ హెర్ట్జ్ లెక్కలు నాకు తెలియక కాదు.

కరీంనగర్_గ్రానైట్:
ఈ మాట మొదటే చెప్తే దర్రీల మీద ఇంత పోట్లాట ఉండేది కాదు అన్నా. మీకు జరిగింది అన్యాయం. అయినా మీ సలహాను ఒప్పుకోలేను. ఆ గదిలో ఏళ్ల తరబడి కూర్చునేది తను. రేపు ఎవరి వాటాకు పోతుందోనని ఇవాళ చెడ్డ శబ్దం వినాలా? ఇంటికి రంగులు వేయిస్తాం, కిచెన్‌లో కప్‌బోర్డులు పెట్టిస్తాం. అవి కూడా వెంట తీసుకుపోలేం కదా?

ఓరుగల్లు_సౌండ్:
కప్‌బోర్డులు ఇంటిల్లిపాదీ వాడతారు. థియేటర్ ఒక్కడి సరదా అనే అంటారు, ఆ రోజు వచ్చాక నీకు తెలుస్తుంది. తమ్మీ శ్రోతా, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

హంటర్‌రోడ్_శ్రోత:
నాన్న పేరు మీదే అన్నా. అన్నయ్య పుణెలో ఉంటాడు. ఇంటి విషయం మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వడ్డేపల్లి_పద్మ:
డబ్బు బయటికి తీసేముందే మాట్లాడుకోండి బాబూ. తర్వాత అడిగితే ఇంకోలా వినిపిస్తుంది.

ఖని_ఇంజనీర్:
గోడకు ఏదీ అంటించకు. చెక్క ఫ్రేముల్లో రాక్‌వూల్ నింపి, గుడ్డ బిగించి, పటాల మాదిరి హుక్కులకు తగిలించు. మూలల్లో పెట్టేవి నేల మీద నిలబెట్టు. ఇల్లు మారితే అవీ బండి ఎక్కుతాయి. వైర్ల పైపులు గోడ చెక్కకుండా బయటి నుంచి వేయించు. ఇప్పుడు పైన రెండు స్పీకర్లతో 5.1.2 పెట్టుకున్నా, వైర్లు మాత్రం 7.1.4కి సరిపడా లాగించు.

ఓరుగల్లు_సౌండ్:
తగిలించి తీసుకునేవైతే నేను అడ్డు చెప్పను. అయినా 3 లక్షలు ఎక్కువే.

హంటర్‌రోడ్_శ్రోత:
మళ్లీ లెక్క వేశాను. ప్రొజెక్టర్ 2.8 లక్షలు, 120 అంగుళాల తెర 50 వేలు, రిసీవర్ 1.5, స్పీకర్లు 5.1.2కి 3.4, రెండు సబ్‌వూఫర్లు 1.2, ప్యానెళ్లు 1.6, వైరింగ్, కుర్చీలు కలిపి లక్ష. సరిగ్గా 12. అన్నయ్య దసరాకు వస్తున్నాడు, నాన్న ఎదుటే మాట్లాడతాను. అప్పటిదాకా ఏమీ కొనను.

కరీంనగర్_గ్రానైట్:
1.6లో మూలలు, పక్క గోడలు, వెనక గోడ అవుతాయి. సీలింగ్ మిగిలిపోతుంది. కింద గ్రానైట్, పైన స్లాబ్ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. స్పీకర్లలో 40 వేలు తగ్గించి సీలింగ్‌కు నాలుగు ప్యానెళ్లు చేయించు.

ఓరుగల్లు_సౌండ్:
ఆ గ్రానైట్ మీదే దర్రీ పరవమన్నాను. స్పీకర్లలోంచి ఒక్క రూపాయి తీయొద్దు.